డాట్ కామ్ కౌలుదార్లు



విజయవాడ గవర్నరుపేటలో మా బాబాయికి పుస్తకాల ప్రచురణ ఉంది. ముందు ఒక గది, వెనక ఒక గోడౌను. ఏడాదికి నాలుగో అయిదో పుస్తకాలు వేస్తారు. ప్రతి పుస్తకం వెనక అట్ట మీద ధర, ఫోను నంబరు, వాటి కింద వెబ్‌సైటు పేరు, ఈమెయిలు ఉంటాయి. 2011 నుంచీ అదే పేరు. ఆ మధ్య ఒకరోజు పొద్దున్నే ఫోను చేశారు. “ఏరా, మన సైటు తెరిస్తే ఎవరివో చెప్పుల ప్రకటనలు వస్తున్నాయి. మన పుస్తకాలన్నీ ఏమైపోయాయి?” అన్నారు.

పుస్తకాలు ఎక్కడికీ పోలేదు. సర్వరులో ఎక్కడివక్కడే ఉన్నాయి. పోయింది పేరు. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, పేరు మీద కౌలు గడువు దాటింది, ఎవరూ కట్టలేదు.

కౌలు అనే మాట కావాలనే అన్నాను. డొమైన్ పేరు కొనుక్కున్నామని అందరం అంటాం. డాట్ కామ్ పేరును నిజానికి ఎవరూ కొనలేరు. ఏడాదికో, రెండేళ్ళకో, మహా అయితే పదేళ్ళకో కౌలుకు తీసుకుంటాం. గడువులోగా కడితే మనది, కట్టకపోతే ఊరందరిదీ. ఎంత పెద్ద కంపెనీ అయినా ఇదే లెక్క. అయితే కౌలు రైతుకు తన భూస్వామి ఎవరో తెలుసు, వాళ్ళ ఇల్లెక్కడో తెలుసు. మన వెబ్‌సైటు పేరుకు కౌలు ఎవరి చేతిలో పెడుతున్నామో మనలో చాలామందికి తెలియదు. మా బాబాయికీ తెలియదు. ఆ సైటు చేసిపెట్టింది అప్పట్లో మా వీధిలో ఉండే ఒక ఇంజనీరింగు కుర్రాడు. మంచివాడు. ఏదో ఆఫరులో 99 రూపాయలకు వస్తోందని తన ఖాతాలో, తన ఈమెయిలుతో పేరు తీసిపెట్టాడు. ఏటా అతని కార్డులోంచి డబ్బు దానంతటదే కట్ అయ్యేది, బాబాయి అతనికి ఇచ్చేసేవారు. తర్వాత ఉద్యోగం వచ్చి బెంగుళూరు వెళ్ళాడు, బ్యాంకు మారాడు, కార్డు మారింది. గడువు దగ్గర పడుతోందంటూ వచ్చిన ఉత్తరాలన్నీ కాలేజీ రోజుల నాటి ఈమెయిలుకు వెళ్ళాయి. అతను దాన్ని తెరిచి ఎన్నాళ్ళయిందో.

కార్డు ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక్క మాట. 2021 అక్టోబరు నుంచి రిజర్వు బ్యాంకు నిబంధన ఒకటి అమల్లోకి వచ్చింది. కార్డు నుంచి డబ్బు ఏటా దానంతటదే కట్ కావాలంటే ఖాతాదారు ముందుగా ప్రత్యేకంగా అనుమతి ఇచ్చి ఉండాలి. మంచి నిబంధనే. కానీ డొమైన్లు అమ్మే విదేశీ దుకాణాల్లో పేర్లు పెట్టుకుని, ఆటో రెన్యూవల్ ఉంది కదా అని నిశ్చింతగా ఉన్న మనవాళ్ళకు దానివల్ల నిశ్శబ్దంగా దెబ్బ తగిలింది. ఖాతాలో ఆటో రెన్యూవల్ అనే ఆకుపచ్చ గుర్తు వెలుగుతూనే ఉంటుంది. డబ్బు మాత్రం కదలదు.

ఆ మొదటిసారి పెద్ద నష్టం లేకుండానే బయటపడ్డాం. డాట్ కామ్ పేరు గడువు దాటినా వెంటనే గాలిలో కలిసిపోదు. మామూలుగా దుకాణం వాళ్ళ దగ్గర 45 రోజుల వరకూ వెసులుబాటు ఉంటుంది, ఎన్నాళ్ళివ్వాలన్నది వాళ్ళ ఇష్టం. ఆ తర్వాత 30 రోజులు విమోచన గడువు. అప్పుడు దక్కించుకోవాలంటే బాగా వదిలించుకోవాలి. అది కూడా దాటితే 5 రోజులు పేరు చెరశాలలో ఉన్నట్టు ఉండి, ఆరో రోజు ఎవరికి దొరికితే వారిది. మేము మొదటి మెట్టు మీదే మేలుకున్నాం. కుర్రాడికి ఫోను చేసి, అతని చేత కట్టించి, ఖాతా బాబాయి చేతికి మార్పించాం. పేరుకు యజమానిగా మాత్రం కుర్రాడే ఉండిపోయాడు. అక్కడితో అయిపోయిందనుకున్నాం.

అసలు కథ మరుసటేడు మొదలైంది. ఈసారి బుద్ధి వచ్చి, గడువుకు నెల ముందే కట్టాం. బ్యాంకు నుంచి డబ్బు కట్ అయినట్టు మెసేజి వచ్చింది. దుకాణం నుంచి రసీదు వచ్చింది. పేరు తాలూకు గడువు తేదీ మాత్రం కదలలేదు. రెండు రోజులు చూశాం, వారం చూశాం. ఫోను చేస్తే సంగీతం. ఉత్తరం రాస్తే టికెట్ నంబరు. మళ్ళీ రాస్తే ఇంకో టికెట్ నంబరు. ఆ దుకాణం పేరు ఇక్కడ చెప్పను, చెప్పాల్సిన పని కూడా లేదు. అలాంటిది ఒకటే కాదు. తీసుకున్న డబ్బు పైకి కట్టకపోవడం ఈ వ్యాపారంలో బాగా పాత రోగం. ఆ రోగం ముదిరితే ఏమవుతుందో అమెరికాలో 2007లో ప్రపంచమంతా చూసింది. ఆ కథ చెప్పే ముందు, ఇంతసేపూ నేను దుకాణం అంటున్న ఈ రిజిస్ట్రారు అనే మనిషి ఎవరో కాస్త చూడాలి.

మన చెవికి రిజిస్ట్రారు అంటే ప్రభుత్వ మనిషి. స్టాంపు కాగితాలు, వేలిముద్రలు, సాక్షి సంతకాలు, గోడ మీద రాజముద్ర. అందుకే డొమైన్ రిజిస్ట్రార్ అనగానే తెలియకుండానే ఒక భరోసా కలుగుతుంది. కానీ ఈ రిజిస్ట్రారు ప్రభుత్వం కాదు, ఉత్త దుకాణం. అసలు ఖాతా పుస్తకం అతని దగ్గర ఉండదు. డాట్ కామ్ పేర్లన్నీ రాసి ఉండే పెద్ద పుస్తకం వెరిసైన్ అనే అమెరికా కంపెనీ దగ్గర ఉంది. అలా పుస్తకం పట్టుకున్నవాళ్ళను రిజిస్ట్రీ అంటారు. మన డాట్ ఇన్ పుస్తకం 2005 నుంచి నిక్సీ అనే భారతీయ సంస్థ చేతుల్లో ఉంది. ఆ పుస్తకంలో మన తరఫున వెళ్ళి రాసి వచ్చేవాడే రిజిస్ట్రార్. మన వాడుకలో పోలిక చెప్పాలంటే, సబ్ రిజిస్ట్రారు ఆఫీసు ఎదురుగా చెట్టు కింద బల్ల వేసుకుని కూర్చునే దస్తావేజు లేఖరి ఉంటాడే, అతను. డాట్ కామ్, డాట్ నెట్, డాట్ ఆర్గ్ లాంటి వాటికి లేఖరి బల్ల వేసుకోవడానికి లైసెన్సు ఇచ్చేది కాలిఫోర్నియాలో 1998లో పుట్టిన ఐకాన్ అనే లాభాపేక్ష లేని సంస్థ. ఆ లేఖరి కింద మళ్ళీ కమీషను మీద పనిచేసే రీసెల్లర్లు. ఆ కింద మా వీధి కుర్రాడు.

ఇన్ని బల్లలు మొదటి నుంచీ లేవు. 1999 దాకా డాట్ కామ్ కావాలంటే అమెరికాలో నెట్‌వర్క్ సొల్యూషన్స్ అనే ఒక్క కంపెనీ గుమ్మమే తొక్కాలి. 1995 నుంచి కొన్నేళ్ళు రెండేళ్ళకు 100 డాలర్లు తీసుకున్నారు. తర్వాత పోటీ తెరిచారు, ధర దిగింది, వందల కొద్దీ దుకాణాలు వచ్చాయి. దిగిన ధరలో ఒక చిక్కుంది. వెరిసైన్ ఒక్కో డాట్ కామ్ పేరుకు ఏడాదికి దుకాణాల దగ్గర తీసుకునే టోకు ధర 2024 సెప్టెంబరులో 10 డాలర్ల 26 సెంట్లకు చేరింది. మన లెక్కలో ఎనిమిది వందల రూపాయల పైమాటే. అంతకంటే తక్కువకు ఎవరైనా ఇస్తున్నారంటే చేతి నుంచి వేసుకుంటున్నారన్నమాట. వేసుకున్నది రెండో ఏడు లాక్కుంటారు. లేదా ఈ ఏడాది కట్టినవాళ్ళ డబ్బుతో పోయిన ఏడాది అప్పు తీరుస్తుంటారు. చిట్‌ఫండ్ కంపెనీలు ఎలా మునుగుతాయో తెలిసిన మనకు ఇది కొత్తగా చెప్పక్కర్లేదు.

ఇప్పుడు 2007కు వద్దాం. అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రంలో రిజిస్టర్‌ఫ్లై అని ఒక దుకాణం. మొదట వేరే పెద్ద రిజిస్ట్రార్ కింద రీసెల్లరుగా బతికింది. తర్వాత అప్పటికే లైసెన్సు ఉన్న ఒక చిన్న కంపెనీని కొనేసింది. అంటే పరీక్ష రాయకుండానే పట్టా వచ్చింది. ధరలు చవక. లక్షల పేర్లు వచ్చి చేరాయి. 2006లో ఫిర్యాదులు ముసురుకున్నాయి. రెన్యూవల్ డబ్బు కట్టించుకుంటున్నారు, పేరు మాత్రం రెన్యూ కావడం లేదు. వేరే దుకాణానికి వెళ్ళిపోతాం మహాప్రభో అంటే పేరుకు వేసిన తాళం తీయరు, మార్చుకునే కోడ్ ఇవ్వరు. 2007 మొదట్లో కంపెనీ యజమానుల మధ్యే తగాదా వచ్చి కోర్టుకెక్కారు. ఇంటి గొడవ వీధిన పడ్డాక, లోపల ఎంత కుళ్ళిపోయిందో బయటపడింది. ఆ ఏడాది మార్చిలో ఐకాన్ లైసెన్సు రద్దు చేస్తున్నట్టు నోటీసు ఇచ్చింది, కోర్టుకూ వెళ్ళింది.

లైసెన్సు రద్దు చేస్తే మరి ఆ లక్షల పేర్లు ఏమవ్వాలి? అసలు చిక్కంతా అక్కడ. ఎవరి పేరు ఎవరిదో తెలిపే వివరాలు దుకాణం దగ్గరే ఉన్నాయి. డాట్ కామ్ పెద్ద పుస్తకంలో అప్పట్లో ఫలానా పేరు ఫలానా దుకాణానిది అని మాత్రమే ఉండేది. పేరుదారు పేరు, చిరునామా దుకాణం కాగితాల్లో ఉండేవి. మన ఊళ్ళలో 1984కు ముందు, గ్రామాధికారుల పదవులు రద్దు కాకముందు, ఊరి భూముల లెక్కలన్నీ కరణంగారి ఇంట్లో పెట్టెలో ఉండేవని పెద్దవాళ్ళు చెబుతారు. కరణంగారికి కోపం వస్తే పహాణీ దొరకదు. సరిగ్గా అలాగే.

దీనికి తోడు మరో ముడి. చాలామంది తమ ఫోను నంబర్లు, ఇంటి చిరునామాలు అందరికీ కనపడకూడదని అదనంగా డబ్బు కట్టి గోప్యత సేవ తీసుకున్నారు. దాని పేరు ప్రొటెక్ట్‌ఫ్లై. ఆ సేవ ఏం చేస్తుందంటే అందరికీ కనిపించే రికార్డులో యజమాని పేరు తీసేసి, ఆ సేవ పేరు పెడుతుంది. మామూలు రోజుల్లో అది గోప్యత. దుకాణం మునిగిన రోజున, బయటి ప్రపంచం దృష్టిలో ఆ పేరుకు యజమాని మునిగిన దుకాణమే. నాది మొర్రో అని చెప్పుకోవడానికి కాగితం లేదు. జాగ్రత్త పడి డబ్బు ఎక్కువ కట్టినవాళ్ళే ఎక్కువ ఇరుక్కున్నారు.

చివరికి కోర్టు ఆదేశాలతో ఐకాన్ చేతికి ఆ రికార్డులు వచ్చాయి. 2007 మే నెలాఖరున, దాదాపు 8 లక్షల 50 వేల పేర్లను మూటగట్టి గోడాడీ అనే మరో రిజిస్ట్రార్‌కు అప్పగించారు. ఆ ఏడాదే ఐకాన్ ఒక పని గట్టిగా మొదలుపెట్టింది. ప్రతి రిజిస్ట్రార్ తన ఖాతాదారుల వివరాల నకలు ఎప్పటికప్పుడు మూడో మనిషి దగ్గర దాచిపెట్టాలి. ఈ నియమం ఒప్పందాల్లో ముందు నుంచీ ఉంది. అమలు చేసే తీరికే ఎవరికీ దొరకలేదు. ఆలస్యమైనా మంచిదే. ఇవాళ ఒక రిజిస్ట్రార్ మూతపడితే పేర్లు గల్లంతయ్యే ప్రమాదం అప్పటికంటే తక్కువ. కానీ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. దాచిన నకలులో కూడా ఉండేది మనం ఇచ్చిన వివరాలే. మా బాబాయి పేరు విషయంలో 2011 నుంచి ఆ నకలులో ఉన్నది బెంగుళూరు కుర్రాడు.

అంటే ఇంతకీ దుకాణం మారడం అంత కష్టమా? లేదు. దుకాణం సక్రమంగా ఉంటే వారం రోజుల పని. ఖర్చు కూడా పోదు. డాట్ కామ్ లాంటి పేర్లకు మారేటప్పుడు కొత్త దుకాణానికి ఒక ఏడాది రుసుము కడతాం, ఆ ఏడాది మన గడువుకు కలుస్తుంది. పాత దుకాణంలో మిగిలిన నెలలు కూడా మనతోనే వస్తాయి. భయపడాల్సింది వేరే చోట. అది తెలియక చాలామంది చేతులు కాల్చుకుంటారు.

వెబ్‌సైటు అంటే ఒకటి కాదు, మూడు. పేరు, దారి, ఇల్లు. ఇల్లంటే మన పుటలు, బొమ్మలు ఉండే సర్వరు. పేరంటే డొమైన్. ఆ పేరు పలికినవాడిని ఆ ఇంటికి తీసుకెళ్ళే చీటీల కట్ట ఉంటుంది చూశారూ, అదే దారి. సైటుకు ఇటు వెళ్ళండి, ఈమెయిలుకు అటు వెళ్ళండి అని రాసి ఉండే చీటీలు. డీఎన్‌ఎస్ అంటారు. ఈ మూడూ ఒకే దుకాణంలో తీసుకున్నవాళ్ళకు మూడూ ఒకటే అనిపిస్తుంది. పేరు కొత్త చోటికి మారిన మరుక్షణం పాత దుకాణం చీటీల కట్ట చించి పారేయవచ్చు. అప్పుడు పేరు పోదు, ఇల్లు పోదు, కానీ ఎవరికీ దారి తెలియదు. ఈమెయిలు మరీ ఘోరం. ఉత్తరాలు వచ్చి వెనక్కి పోతుంటాయి, మనకు పోతున్నట్టు కూడా తెలియదు. అందుకని ముందు చీటీల కట్ట నకలు రాసుకుని, దాన్ని ఈ దుకాణాలతో సంబంధం లేని చోట తెరిచి, అది రెండు మూడు రోజులు సవ్యంగా నడిచాక మాత్రమే పేరు కదపాలి. మా బాబాయి సైటు చీటీలు పదకొండు. నేను ఒక తెల్లకాగితం మీద చేత్తో రాసుకున్నాను. కంప్యూటరు పని చేసేవాడిని అయి ఉండి కాగితమేమిటని నా కూతురు నవ్వింది. ఏదీ పని చేయని రోజు కోసమే కదా రాసుకోవడం.

ఇక పేరు కదలడానికి రెండు తాళాలు. ఒకటి లాక్. అది వేసి ఉన్నంతకాలం పేరు ఎటూ పోదు. మన ఖాతాలోకి వెళ్ళి తీయాలి. రెండోది ఆథ్ కోడ్ అనే రహస్యపదం. ఇంటి కాగితాలు చేతికిచ్చినట్టు దాన్ని కొత్త దుకాణానికి ఇవ్వాలి. మన ఖాతాలో ఈ రెండూ మనమే చేసుకునే వీలు లేకపోతే, అడిగిన అయిదు రోజుల్లో పాత దుకాణం చేసి తీరాలన్నది ఐకాన్ నిబంధన. రాబోయే ఏడాది రుసుము కట్టలేదనో, మీరు వెళ్ళిపోవడం మాకిష్టం లేదనో ఆపడానికి వీల్లేదు. ఆపితే ఐకాన్‌కే ఫిర్యాదు చేయవచ్చు. అందుకు వాళ్ళ దగ్గర ప్రత్యేకంగా ఒక దరఖాస్తు ఉంది. డాట్ ఇన్ అయితే ఐకాన్‌కు సంబంధం లేదు, నిక్సీ తలుపు తట్టాలి.

కోడ్ అందాక కొత్త దుకాణం పెద్ద పుస్తకానికి కబురు పంపుతుంది. పాత దుకాణానికి 5 రోజులు గడువు. ఆ అయిదు రోజుల్లో తగిన కారణం చూపి అడ్డు చెప్పకపోతే, ఒప్పుకున్నట్టే లెక్క, పేరు కదిలిపోతుంది. మౌనం అర్ధాంగీకారం కాదు ఇక్కడ, పూర్తి అంగీకారం. ఈ నియమం 2004 నవంబరులో వచ్చింది. అంతకు ముందు దుకాణాలు జవాబివ్వకుండా కూర్చుని ఖాతాదారులను బందీలు చేసేవి. బందీలను విడిపించడానికి తెచ్చిన నియమం ఇది.

తలుపు తెరిస్తే దొంగ కూడా వస్తాడు మరి. నియమం వచ్చి రెండు నెలలు తిరిగాయో లేదో, 2005 జనవరిలో న్యూయార్కులో పానిక్స్ అనే పాత ఇంటర్నెట్ సంస్థ పేరు ఒక శనివారం నాడు మాయమైంది. యజమానికి తెలియకుండానే పేరు ఆస్ట్రేలియాలోని ఒక రిజిస్ట్రార్ దగ్గరికి చేరింది, చీటీల కట్ట బ్రిటన్ చేరింది, వేలమంది ఉత్తరాలు కెనడా దారి పట్టాయి. ఒక్క రోజులో ఎక్కని విమానం లేదు. ఆస్ట్రేలియా వాళ్ళకు మొరపెట్టుకుందామంటే అక్కడ వారాంతపు సెలవు. సోమవారం వాళ్ళు ఆఫీసు తెరిచేదాకా న్యూయార్కులో గోళ్ళు కొరుక్కున్నారు. పేరు తిరిగొచ్చింది కానీ, ఆ తర్వాతే అందరూ తాళం విలువ తెలుసుకున్నారు. ఇవాళ చాలా దుకాణాలు పేరు తీసుకున్న వెంటనే లాక్ వేసే ఇస్తాయి. కొత్తగా తీసుకున్న పేరునూ, ఈమధ్యే మారిన పేరునూ ఇప్పటి పద్ధతి ప్రకారం 60 రోజులు మరో చోటికి కదపడానికి కుదరకపోవచ్చు. యజమాని పేరు సరిచేసినా చాలాచోట్ల అదే 60 రోజుల తాళం పడుతుంది. అందుకే, దుకాణం మారుతూ పనిలో పనిగా యజమాని పేరు కూడా సరిచేద్దామనుకోకండి. మొదట మారండి, తర్వాత దిద్దుకోండి. వివరాలు మరీ తప్పుగా ఉండి కోడ్ మీ చేతికి రాదనుకుంటే మాత్రం ముందే దిద్ది, రెండు నెలలు ఓపిక పట్టక తప్పదు.

కోడ్ ఎవరి చేతికి వస్తుంది అన్నారా? ఖాతాలో రాసి ఉన్న ఈమెయిలుకు. ఇక్కడే ఒక తమాషా ఉంది. చాలామంది ఆ ఈమెయిలు కూడా అదే డొమైన్ మీద పెట్టుకుంటారు. పేరు ఆగిపోయిన రోజు ఈమెయిలూ ఆగిపోతుంది, పేరు విడిపించే ఉత్తరం ఆ ఈమెయిలుకే వస్తుంది. బీరువా తాళం చెవి బీరువాలో పెట్టి తాళం వేసినట్టు. మా బాబాయి ఖాతా బెంగుళూరు నుంచి మార్పించినప్పుడు నేను చేసిన ఘనకార్యం కూడా ఇదే. పేరు చూడ్డానికి బాగుంటుందని ప్రచురణ సంస్థ ఈమెయిలే ఇచ్చాను. అదృష్టం బాగుండి, సైటు నడుస్తూ ఉండగానే గమనించి మార్చాను.

డబ్బు కట్టినా తేదీ కదలలేదన్నాను కదా, ఆ తేదీ ఎక్కడ చూశానో చెప్పలేదు. దుకాణం తన పేజీలో చూపించే తేదీ కాదు. వాళ్ళు ఏదైనా చూపించుకోవచ్చు. స్థలం కొనేముందు ఈసీ తీయించినట్టు, డాట్ కామ్ లాంటి ఏ పేరుకైనా పెద్ద పుస్తకంలో ఏముందో ఐకాన్ వాళ్ళ వెతుకులాట పేజీలో ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. ఏ దుకాణంలో ఉంది, తాళం ఉందా, గడువు ఎప్పుడు, చీటీలు ఎవరి దగ్గర, అన్నీ కనిపిస్తాయి. ముందుగా డబ్బు కట్టిన రోజున ఆ తేదీ ఏడాది ముందుకు జరగాలి. జరగకపోతే దుకాణం డబ్బు జేబులో వేసుకుని కూర్చుందన్నమాట. ఇందులో ఒక మెలిక ఉంది. గడువు దాటిన పేరును వెరిసైన్ పుస్తకం తనంతట తానే ఏడాది ముందుకు జరిపి, దుకాణానికి 45 రోజులు టైమిస్తుంది. కాబట్టి గడువు తర్వాత ఆ తేదీ చూసి నిశ్చింతగా ఉండకండి. అది మీరు కట్టినందుకు జరిగిందో, దానంతటదే జరిగిందో ఆ తేదీలో తెలియదు. గడువుకు ముందే కట్టి, ముందే చూసుకోవాలి.

పోస్టులో వచ్చే బిల్లులతో ఇంకో మోసం ఉంది. డొమైన్ రిజిస్ట్రీ ఆఫ్ అమెరికా అని ప్రభుత్వ కార్యాలయంలా వినిపించే పేరుతో ఒక కంపెనీ ఇళ్ళకు ఉత్తరాలు పంపేది. చూడ్డానికి రెన్యూవల్ బిల్లు, సంతకం పెట్టి డబ్బు పంపితే అది దుకాణం మార్పు. వాళ్ళ మీద అమెరికా వాణిజ్య కమిషన్ 2003లో చర్య తీసుకుంది. రకరకాల రూపాల్లో అలాంటి ఉత్తరాలు ఈమెయిళ్ళుగా ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి.

మంచి దుకాణం చూసుకుంటే ఇక జన్మంతా నిశ్చింతేనా అని అడిగితే, అదీ చెప్పలేం. 2023లో గూగుల్ తన డొమైన్ల దుకాణాన్ని స్క్వేర్‌స్పేస్ అనే కంపెనీకి అమ్మేసింది. దాదాపు కోటి పేర్లు చేతులు మారాయి. గూగుల్ అని నమ్మి వెళ్ళినవాళ్ళు ఒకరోజు లేచేసరికి వేరే గుమ్మంలో ఉన్నారు. అందులో దుర్మార్గమేమీ లేదు, వ్యాపారం అమ్ముకున్నారు. మన బ్యాంకుల విషయంలో రిజర్వు బ్యాంకు వేరే దారి పట్టింది. బ్యాంకులన్నీ 2025 అక్టోబరు 31లోగా డాట్ బ్యాంక్ డాట్ ఇన్ అనే పేర్లకు మారాలని చెప్పి, ఆ పేర్లు రాసే అధికారం ఒకే ఒక్క సంస్థకు ఇచ్చింది. అది మన హైదరాబాదులోని ఐడీఆర్‌బీటీ. ఒక్క బల్ల, ఒక్క లేఖరి. బ్యాంకులకు కుదిరింది. పుస్తకాలమ్మే మా బాబాయికి మాత్రం వందల బల్లల్లో ఒకటి ఎంచుకోక తప్పదు.

మేము ఎంచుకున్నది ఎలాగంటారా? ధర చూడలేదు. మొదటి ఏడు ఎంతో, రెండో ఏడు కూడా అంతే ఉన్న చోటు వెతికాం. కోడ్, లాక్ ఎవరినీ బతిమాలకుండా మన ఖాతాలోనే ఉన్నాయా అని చూశాం. అంటే అల్లుణ్ణి చూసేటప్పుడు విడాకుల సంగతి అడిగినట్టే, వెళ్ళిపోయే దారి ఎలా ఉందో ముందే చూశాం. డబ్బు కట్టకముందే ఒక చిన్న ప్రశ్న రాసి పంపాం. మనిషి జవాబిచ్చాడు, టికెట్ నంబరు కాదు.

పాత దుకాణం తాళం తీయడానికి నాలుగు ఉత్తరాలు పట్టాయి. నాలుగో ఉత్తరంలో అయిదు రోజుల నిబంధన ప్రస్తావించి, ఐకాన్‌కు నకలు పంపుతున్నామని రాశాం. అదేరోజు సాయంత్రానికి కోడ్ వచ్చింది. మేము ముందు కట్టిన రెన్యూవల్ డబ్బు ఇప్పటికీ రాలేదు. దానికోసం బాబాయి బ్యాంకు చుట్టూ తిరుగుతున్నారు.

ఆరో రోజు పొద్దున పేరు కొత్త చోట కనిపించింది. గడువు తేదీ ఏడాది ముందుకు జరిగింది. ఆ తర్వాతే యజమాని గడి దిద్దాను. పధ్నాలుగేళ్ళ తర్వాత మొదటిసారి అక్కడ బాబాయి పేరు ఉంది. ఫోను చేసి చెప్పాను.

“ఇప్పుడు సైటు తెరిస్తే ఏం కనిపిస్తుంది?” అన్నారు.

“నిన్న ఏం కనిపించిందో అదే బాబాయ్.”

“ఏమీ మారలేదా?”

“ఏమీ మారలేదు.”

“దీనికా నువ్వు వారం రోజులు కూచున్నావు,” అని ఫోను పెట్టేశారు. మధ్యాహ్నం ఒక అట్ట నమూనా పంపారు. కొత్త పుస్తకం తాలూకుది, వెయ్యి ప్రతులట. వెనక అట్ట మీద ధర, ఫోను నంబరు, వాటి కింద పాత పేరే. ప్రెస్సుకు పంపేయమన్నాను.